గ్యాప్ ఫిల్ నేర్పే నాలుగు పద్ధతులు: ఏ విద్యార్థికి ఏది పనికొస్తుంది

వ్యాసం చక్కగా రాస్తారు. సబ్‌టైటిల్స్ లేకుండా సినిమాలు చూస్తారు. ఏ విషయం మీదైనా తడుముకోకుండా మాట్లాడతారు. అదే విద్యార్థి ముందు గ్యాప్ ఫిల్, అంటే ఎనిమిది ఖాళీలున్న చిన్న పాసేజ్ పెట్టి సరైన మాటలతో నింపమంటే సగం తప్పులు వస్తాయి. పై స్థాయి ఇంగ్లిష్ నేర్పే ప్రతి టీచరూ ఇది చూసే ఉంటారు. విద్యార్థికి ఇది అవమానంగా అనిపిస్తుంది, మనకేమో ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. సాధారణంగా మనకు అలవాటైన దారే పడతాం: గ్రామర్ ఇష్టమైన టీచర్ గ్రామర్ చెబుతారు, టైమ్ లేని టీచర్ మాక్ టెస్ట్‌లు ఇస్తారు.

నేను కూడా చాలాకాలం అలాగే చేశాను. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. విద్యార్థి ఏ రకం తప్పు చేస్తున్నాడో చూడకుండా పద్ధతి ఎంచుకుంటే, పద్ధతి ఎంత మంచిదైనా మార్కులు కదలవు. కాబట్టి నాలుగు పద్ధతుల్నీ పోల్చేముందు, ఏ తప్పుకు ఏ పద్ధతో తేల్చుకునే మార్గం చెబుతాను.

లెక్క కోసం పై స్థాయి ఇంగ్లిష్‌కు పెట్టే కేంబ్రిడ్జ్ సీ1 అడ్వాన్స్‌డ్ పరీక్షను తీసుకుందాం. అందులో రీడింగ్ అండ్ యూజ్ ఆఫ్ ఇంగ్లిష్ పేపరుకు 90 నిమిషాలు, 8 భాగాలు, 56 ప్రశ్నలు. మొదటి భాగంలో నాలుగు ఆప్షన్లలోంచి ఒకటి ఎంచుకునే 8 ఖాళీలు. రెండోది ఓపెన్ క్లోజ్, అంటే ఆప్షన్లు లేకుండా ఒక్కో మాటతో నింపాల్సిన 8 ఖాళీలు. మూడోది వర్డ్ ఫార్మేషన్, అంటే ఇచ్చిన మూలపదాన్ని సరైన రూపంలోకి మార్చి నింపడం, అందులోనూ 8. నాలుగోది కీ వర్డ్ ట్రాన్స్‌ఫర్మేషన్, అంటే ఇచ్చిన మాటను వాడి వాక్యాన్ని అదే అర్థంతో తిరగరాయడం, 6 వాక్యాలు, ఒక్కోదానికి 2 మార్కులు. మొత్తం 78 మార్కుల్లో 36 ఇక్కడే ఉన్నాయి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఫలితాల్లో రీడింగ్‌కూ యూజ్ ఆఫ్ ఇంగ్లిష్‌కూ విడివిడిగా స్కోరు ఇస్తారు. మొదటి భాగంలోని ఆప్షన్ల ఖాళీలు అందులో రీడింగ్ స్కోరులోకి వెళ్తాయి. పరీక్ష తయారుచేసేవాళ్లే వాటిని చదివే నైపుణ్యంగా లెక్కిస్తున్నారన్నమాట. దాన్ని గ్రామర్ ప్రశ్నగా మాత్రమే నేర్పితే మనం సగమే నేర్పినట్టు.

ముందు తప్పుల్ని విడదీయండి

విద్యార్థి చేసిన రెండు పేపర్లు ముందు పెట్టుకోండి. తప్పైన ప్రతి ఖాళీ దగ్గర సరైన జవాబు చూపించి ఒకే ప్రశ్న అడగండి: "ఈ మాట ఇలా వాడతారని నీకు ముందే తెలుసా?" జవాబును బట్టి తప్పులు మూడు గుంపులవుతాయి.

"తెలియదు, ఎప్పుడూ వినలేదు" అంటే మొదటి రకం, భాష లోటు. "అరె, ఇది నాకు తెలుసు కదా!" అని నుదురు కొట్టుకుంటే రెండో రకం. మాట తెలుసు కానీ ఆ ఖాళీలో అది కనబడలేదు. మాట సరిగ్గానే తట్టి, స్పెల్లింగో ఏకవచన బహువచనాలో తప్పితే మూడో రకం.

నా అనుభవంలో ఈ స్థాయి విద్యార్థుల తప్పుల్లో ఎక్కువ భాగం రెండో రకమే. అయినా మన వైద్యం మాత్రం మొదటి రకానికి చేస్తాం, కొత్త పదాల లిస్టులు, కొత్త రూల్స్ ఇస్తూ పోతాం. మొదట్లో ఒక బ్యాచ్‌కు లింకింగ్ వర్డ్స్ పెద్ద లిస్టు ఇచ్చి బట్టీ పట్టించాను. తర్వాతి పరీక్షలో అవే మాటలు అవసరమైన ఖాళీల్ని చాలామంది తప్పు నింపారు. వాళ్లకు ఆ మాటలు వచ్చు, నేనే తప్పు మందు ఇచ్చాను. ఈ సంగతి నేను అంత ఆలస్యంగా గుర్తించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మొదటి పద్ధతి: ముందు గ్రామర్ అంశం, తర్వాత ఖాళీలు

ఇన్వర్షన్ (సహాయక క్రియ కర్తకు ముందు రావడం), రిలేటివ్ క్లాజులు, పోలికలు అంటూ ఒక్కో అంశం చెప్పి, దాని మీదే ఖాళీలు ఇవ్వడం. మొదటి రకం తప్పులకు ఇది సరైన మందు. "హార్డ్లీ హాడ్ షి సాట్ డౌన్" అని మొదలైన వాక్యం తర్వాతి సగంలో "వెన్" రావాలనీ, "నో సూనర్" అని మొదలైతే "దాన్" రావాలనీ ఎవరూ ఊహించి కనుక్కోలేరు. చెప్పాలి, నేర్పాలి.

చిక్కు ఎక్కడంటే, పైన "ఇన్వర్షన్" అని హెడింగ్ ఉన్న పేజీలో ఖాళీలన్నీ ఇన్వర్షన్ ఖాళీలే. విద్యార్థి ఏదీ గుర్తుపట్టనక్కర్లేదు, హెడింగే చెప్పేసింది. పరీక్షలో హెడింగ్ ఉండదు. ఈ పేజీల్లో పదికి పది తెచ్చుకునేవాళ్లు అసలు పాసేజ్‌లో తడబడటానికి ఇదే కారణం.

అయితే తెలుగు మాతృభాష అయినవాళ్లకు కొన్ని అంశాలు ఈ పద్ధతిలోనే విడిగా చెప్పాలి. "దే మేడ్ ఖాళీ క్లియర్ దట్ ద డెడ్‌లైన్ వుడ్ నాట్ చేంజ్" అన్న వాక్యం చూడండి. ఖాళీలో "ఇట్" రావాలి. తెలుగులో "గడువు మారదని స్పష్టం చేశారు" అంటాం, అందులో "ఇట్"కు చోటే లేదు. అందుకని మన చెవికి ఆ వాక్యంలో ఏదో తక్కువైందనే అనిపించదు. ఆర్టికల్స్ సంగతీ అంతే. "ఫ్యూ" అంటే దాదాపు ఎవరూ లేరని, "ఎ ఫ్యూ" అంటే కొందరున్నారని తేడా తెలిసిన విద్యార్థి కూడా చదివేటప్పుడు ఆ చిన్న "ఎ"ను దాటేస్తాడు. ఇంకొకటి, "ఆల్దో"తో మొదలుపెట్టిన వాక్యం మధ్యలో "బట్" పెట్టడం. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఇలాంటి వాటికి ఒక్కో అంశానికి 15 నిమిషాల పాఠం చాలు. గంట పాఠం అయితే ఎక్కువ, ఈ స్థాయి విద్యార్థులు విసిగిపోతారు.

రెండో పద్ధతి: మాక్ టెస్ట్ మీద మాక్ టెస్ట్

దీని మీద నాకు కోపం లేదు. పరీక్ష రూపం అలవాటవుతుంది, టైమ్ ఎంత పడుతుందో తెలుస్తుంది, టెన్షన్ తగ్గుతుంది. 90 నిమిషాల్లో ఎనిమిది భాగాలు చేయాలంటే మొదటి నాలుగింటికి 35 నిమిషాలకు మించి ఇవ్వకూడదని నేను చెబుతాను, లేకపోతే వెనకున్న పెద్ద పాసేజ్‌లు మిగిలిపోతాయి. ఆ వేగం మాక్ టెస్ట్‌లతో తప్ప రాదు.

అయితే మాక్ టెస్ట్ కొలిచే పరికరం మాత్రమే, నేర్పే పరికరం కాదు. థర్మామీటర్ పెడితే జ్వరం ఎంతో తెలుస్తుంది, తగ్గదు. ఆన్సర్ కీ చూసి "ఓ, ఫ్రమ్ అన్నమాట" అని తల ఊపిన విద్యార్థి, నెల తర్వాత అదే రకం ఖాళీలో అదే తప్పు చేస్తాడు. పరీక్షకు నెలలు ఉండగా వారానికి ఒకటి చాలు. చివరి మూడు వారాల్లో వారానికి రెండు. అంతకుమించి ఇస్తే మంచి పేపర్లు వృథా అవుతాయి, తర్వాత చేయడానికి కొత్తవి ఉండవు.

మూడో పద్ధతి: ఒక్క పాసేజ్, నెమ్మదిగా, కారణం చెప్పిస్తూ

నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది దీన్నే. అందుకే ఎక్కువ చెబుతాను.

ముందు పెన్నులు పక్కన పెట్టించండి. టైటిల్, పాసేజ్ మొత్తం చదివి, అందులో ఏం చెబుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పమనండి. తెలుగులో చెప్పినా ఫర్వాలేదు. ఇది చేయకుండా మొదటి ఖాళీ మీదికి దూకేవాళ్లే ఎక్కువ. తర్వాత ఒక్కో ఖాళీకి మూడు ప్రశ్నలు: ఇక్కడ ఏ జాతి మాట రావాలి? దాన్ని చూపిస్తున్న ఆనవాలు ఎక్కడుంది? ఇప్పుడు ఆ మాట ఏది? ఆఖరి ప్రశ్న ఆఖర్నే రావాలి. మొదటి రెండిటికీ జవాబు చెప్పకుండా మాట చెబితే, అది సరైనదైనా ఒప్పుకోవద్దు.

ఒక ఉదాహరణ. "ఫార్ ఖాళీ బీయింగ్ ఎ వేస్ట్ ఆఫ్ టైమ్, డేడ్రీమింగ్ హెల్ప్స్ అస్ సాల్వ్ ప్రాబ్లమ్స్." చాలామంది "బై" అని రాస్తారు. "బై ఫార్" అన్న జంట వాళ్ల చెవిలో ఉంది, అది వాళ్లను లాక్కెళ్లింది. ఇప్పుడు ఆనవాళ్లు అడగండి. ఖాళీ తర్వాత "బీయింగ్" ఉంది, కాబట్టి ముందు ప్రిపోజిషన్ రావచ్చు. వాక్యం మొదటి సగంలో టైమ్ వేస్ట్ అంటున్నారు, రెండో సగంలో అది మనకు సాయం చేస్తుందంటున్నారు. రెండు సగాలూ ఒకదానికొకటి ఎదురు. అంటే "టైమ్ వేస్ట్ కానే కాదు, పైగా" అన్న అర్థం రావాలి. ఇక్కడికి వచ్చాక "ఫ్రమ్" తనంతట తానే తడుతుంది. "ఫార్ ఫ్రమ్" ఆ విద్యార్థికి తెలియనిదేమీ కాదు. దాని దగ్గరికి వెళ్లే దారి తెలియలేదు, అంతే.

వర్డ్ ఫార్మేషన్‌లో ఆనవాలు చాలాసార్లు పక్క వాక్యంలో ఉంటుంది. "రిలై" అన్న మూలపదం ఇచ్చారనుకోండి. ఖాళీ ఉన్న వాక్యం ఒక్కటే చదివితే "రిలయబుల్" బ్రహ్మాండంగా సరిపోతుంది. తర్వాతి వాక్యంలో ఆ పద్ధతి ఇచ్చిన లెక్కలు పదేపదే తప్పాయని ఉంటుంది. కావలసింది "అన్‌రిలయబుల్". ఇలాంటి ఖాళీలో మార్కు పోతే గ్రామర్ రాలేదనుకోవద్దు. అది చదవడంలో జరిగిన తప్పు.

ఆప్షన్ల ఖాళీల్లో ప్రశ్న తిప్పి అడగండి: "మిగతా మూడూ ఎందుకు కావు?" రెయిజ్, లిఫ్ట్, ఎలివేట్, హోయిస్ట్ అని నాలుగిచ్చి, ఖాళీ పక్కన "అవేర్‌నెస్" ఉందనుకోండి. అర్థం చూస్తే నాలుగూ పైకెత్తడమే. "రెయిజ్ అవేర్‌నెస్" అన్నది వాడుకలో స్థిరపడిన జంట, మిగతావి దాని పక్కన కూర్చోవు. ఇంకోచోట ఖాళీ తర్వాత మనిషి పేరు, ఆపైన "ఫ్రమ్ లీవింగ్" ఉంటే, "అవాయిడెడ్" ఎంత దగ్గరగా అనిపించినా పనికిరాదు, "ప్రివెంటెడ్" కావాలి. తేల్చింది ఖాళీ తర్వాత ఉన్న "ఫ్రమ్". మన విద్యార్థులు ఖాళీ దాకా చదివి ఆగిపోతారు. ఖాళీ దాటి ఇంకో ఐదారు మాటలు చదివించడం ఒక్కటి అలవాటైనా మార్కులు పెరుగుతాయి.

కీ వర్డ్ ట్రాన్స్‌ఫర్మేషన్‌కూ ఇదే దారి. "నోబడీ ఎక్స్‌పెక్టెడ్ ద టీమ్ టు లూజ్" అన్న వాక్యాన్ని, "సర్‌ప్రైజ్" అన్న మాట మార్చకుండా వాడి, "ద టీమ్స్ డిఫీట్"తో మొదలై "ఎవ్రీవన్"తో ముగిసేలా తిరగరాయాలి. జవాబు "కేమ్ యాజ్ ఎ సర్‌ప్రైజ్ టు". చాలామంది చివర్లో "టు" బదులు "ఫర్" రాసి ఒక మార్కు పోగొట్టుకుంటారు. ఇక్కడ అడగాల్సింది: పాత వాక్యంలో ఉన్న ఏ అర్థం కొత్తదానిలో ఇంకా రాలేదు? వాక్యం రెండు ముక్కలుగా మారుతుందని, ఒక్కో ముక్కకు ఒక్కో మార్కని విద్యార్థికి తెలిస్తే, రెండో ముక్కను కూడా అంతే జాగ్రత్తగా చూస్తాడు.

ఈ పద్ధతి ఖరీదు టైమే. ఎనిమిది ఖాళీల పాసేజ్‌కు 40 నిమిషాలు పడుతుంది. పెద్ద క్లాసులో జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు మాట చెబితే రెండోవారు ఆనవాలు అడిగేలా చేస్తే నడుస్తుంది. మొదటి రెండు వారాలు విద్యార్థులు గొణుగుతారు, స్పీడు తగ్గిందంటారు. నిజంగానే తగ్గుతుంది. ఐదారు పాసేజ్‌ల తర్వాత అవే ప్రశ్నలు మనసులోనే, క్షణాల్లో అడుగుకోవడం వస్తుంది.

నాలుగో పద్ధతి: ఖాళీలు వాళ్లతోనే చేయించడం

సుమారు 150 మాటల వ్యాసం ముక్క ఇచ్చి, "ఇందులోంచి ఎనిమిది మాటలు తీసేయండి. ఒక్కోదానికి ఒకే జవాబు ఉండాలి" అని చెప్పండి. మొదటిసారి అందరూ పెద్ద పెద్ద నామవాచకాలు, విశేషణాలు తీసేస్తారు. పక్క జంటకు ఇచ్చి నింపమంటే ఒక్కో ఖాళీకి నాలుగేసి సరైన మాటలు వస్తాయి, ఖాళీ చెడిపోతుంది. "ఇన్ స్పైట్" తర్వాతి "ఆఫ్" తీసేస్తే మాత్రం ఒకే జవాబు. ఓపెన్ క్లోజ్‌లో ఎప్పుడూ చిన్న చిన్న మాటలే ఎందుకు అడుగుతారో అప్పుడు వాళ్లకు వాళ్లే తెలుసుకుంటారు. ఒకే జవాబు వచ్చే చోట్లు అవే. ఆ తర్వాత పరీక్ష పేపర్‌ను చూసే చూపే మారుతుంది. "ఇక్కడ వీళ్లు నా చేత ఏం గమనింపజేయాలనుకుంటున్నారు" అని అడుగుతారు.

ఈ ఖాళీల పద్ధతికి "క్లోజ్" అని పేరు పెట్టింది విల్సన్ టేలర్ అనే పరిశోధకుడు, 1953లో. ఆయన దాన్ని తెచ్చింది భాష నేర్చుకునేవాళ్లను పరీక్షించడానికి కాదు. ఒక రచన చదవడానికి ఎంత సులువుగా ఉందో కొలవడానికి వరుసగా ఇన్నో మాట అని లెక్కపెట్టి తీసేసేవారు. అసంపూర్ణంగా ఉన్నదాన్ని మనసు పూర్తి చేసుకుంటుందన్న గెస్టాల్ట్ మనస్తత్వశాస్త్రపు ఆలోచన ("క్లోజర్") నుంచి ఆ పేరు వచ్చింది. ఇప్పటి పరీక్షల్లో అలా లెక్కపెట్టి తీయరు, ఏరి తీస్తారు. విద్యార్థులకు రెండు రకాలూ ఒకసారి చేసి చూపించండి. ప్రతి ఏడో మాట తీసేసిన పేరాలో కొన్ని ఖాళీలు అసలు నింపలేనివిగా, కొన్ని మరీ తేలికవిగా వస్తాయి. ఏరిన ఖాళీకి ఒక ఉద్దేశం ఉంటుందని అప్పుడు అర్థమవుతుంది.

తెలివైన, కొంచెం బోర్ కొట్టిన విద్యార్థులకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. భాష లోటు ఎక్కువగా ఉన్నవాళ్లకు పనిచేయదు, ఎందుకంటే ఏ మాట ఎందుకు తప్పనిసరో వాళ్లకే తెలియదు. పరీక్షకు నెలలోపు ఉంటే కూడా నేను దీన్ని మొదలుపెట్టను.

అయితే ఏది ఎంచుకోవాలి

తప్పుల లెక్కలో సగానికి పైగా మొదటి రకమైతే మొదటి పద్ధతితో మొదలుపెట్టండి, నిజానికి ఆ విద్యార్థి పరీక్షను కొన్ని నెలలు వాయిదా వేసుకోవడం గురించి కూడా మాట్లాడండి. రెండో రకం ఎక్కువైతే మూడో పద్ధతే వెన్నెముక, వారానికి ఒక మాక్ టెస్ట్, మూడు నెలలు చేతిలో ఉంటే పదిహేను రోజులకోసారి నాలుగో పద్ధతి. మూడో రకం, అంటే స్పెల్లింగ్, రూపాల తప్పులైతే వీటిలో ఏదీ పెద్దగా అక్కర్లేదు. వర్డ్ ఫార్మేషన్ జవాబుల్ని రోజూ చేత్తో రాయించడం, రాసిన తర్వాత బహువచనం కావాలా అని ఒక్కసారి చూసుకోమనడం చాలు. ఓపెన్ క్లోజ్‌లో, వర్డ్ ఫార్మేషన్‌లో స్పెల్లింగ్ తప్పితే మార్కు లేదు కాబట్టి, అతి తక్కువ శ్రమతో మార్కులు వచ్చే చోటు ఇదే.

పరీక్షను బట్టి కూడా తూకం మారుతుంది. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలోని సమ్మరీ కంప్లీషన్‌లో (పాసేజ్ సారాంశంలోని ఖాళీలు నింపడం) చాలాసార్లు మాటను పాసేజ్‌లోంచే ఉన్నదున్నట్టు తీసుకోవాలి, ఎన్ని మాటలు దాటకూడదో పైనే రాసి ఉంటుంది. అక్కడ గ్రామర్ కంటే పారాఫ్రేజ్, అంటే అదే అర్థాన్ని వేరే మాటల్లో చెప్పిన చోటు, గుర్తుపట్టడం ముఖ్యం, మూడో పద్ధతిలోని ఆనవాళ్ల వేట దానికి సరిగ్గా పనికొస్తుంది. కంప్యూటర్ మీద రాసే ఇంకో ఇంగ్లిష్ పరీక్ష పీటీఈ అకడమిక్‌లో ఒక రకం ఖాళీలకు డ్రాప్‌డౌన్ ఆప్షన్లుంటాయి, ఇంకో రకంలో కింద ఇచ్చిన మాటల్ని లాగి పెట్టాలి, కొన్ని మాటలు మిగిలిపోతాయి. రెండింటికీ కాలొకేషన్ ("రెయిజ్ అవేర్‌నెస్" లాంటి స్థిరపడిన జంటలు) బలం కావాలి కాబట్టి "మిగతావి ఎందుకు కావు" అన్న ప్రశ్న మీద ఎక్కువ టైమ్ పెట్టండి.

విద్యార్థి స్వభావాన్నీ చూడండి. తోచిందల్లా రాసేసేవాడికి మూడో పద్ధతి కళ్లెం వేస్తుంది. ప్రతిదానికీ గ్యారంటీ కావాలనుకుని ఖాళీలు వదిలేసేవాడికి అదే పద్ధతి ఎక్కువైతే ఇంకా బిగుసుకుపోతాడు. అలాంటివాడికి టైమ్ పెట్టి, ఎనిమిది ఖాళీలూ 8 నిమిషాల్లో నింపేసి తర్వాతే వెనక్కి రావాలని చెప్పండి.

ఏ పద్ధతి పట్టినా తప్పుల నోట్‌బుక్ ఒకటి ఉండాలి. అందులో ఒంటరి మాట రాయనివ్వకండి. "ఫ్రమ్" అని రాస్తే వారం తర్వాత అదేమిటో వాళ్లకే గుర్తుండదు. "ఫార్ ఫ్రమ్ బీయింగ్" అని మొత్తం ముక్క రాసి, దాని కింద తన జీవితానికి సంబంధించిన సొంత వాక్యం ఒకటి రాయమనండి. పదిహేను రోజుల తర్వాత అవే వాక్యాల్లో మీరు ఖాళీలు పెట్టి తిరిగి ఇవ్వండి. మంచి అభ్యాస పత్రం ఉచితంగా దొరికినట్టే.

మీ చేతిలో ఉన్నవి నాలుగు క్లాసులే అనుకుందాం. చాలామంది ప్రైవేట్ టీచర్లకు ఎదురయ్యే పరిస్థితి ఇదే. నేనైతే మొదటి క్లాసు మొత్తం తప్పులు విడదీయడానికే వాడతాను. అంత టైమ్ దానికెందుకని విద్యార్థి అడుగుతాడు, అయినా వాడతాను. రెండో, మూడో క్లాసుల్లో మూడో పద్ధతిలో ఒక ఓపెన్ క్లోజ్, ఒక వర్డ్ ఫార్మేషన్, నాలుగైదు ట్రాన్స్‌ఫర్మేషన్లు. ఇంటి దగ్గర టైమ్ పెట్టుకుని ఒక మాక్ టెస్ట్. నాలుగో క్లాసులో ఆ మాక్ టెస్ట్ తప్పుల్ని మళ్లీ అవే మూడు గుంపులుగా విడదీసి, రెండో గుంపు ఎంత తగ్గిందో అతనికి చూపిస్తాను. మిగిలిన పదిహేను నిమిషాల్లో పరీక్ష నియమాలు చెబుతాను: ట్రాన్స్‌ఫర్మేషన్‌లో ఇచ్చిన మాటతో కలిపి 3 నుంచి 6 మాటల్లోపే రాయాలి. "డిడెంట్" లాంటి కుదించిన రూపం రెండు మాటల కింద లెక్క, "కాంట్" మాత్రం "కనాట్"కు బదులు కాబట్టి ఒకటే. కాగితం మీద రాసే పరీక్షైతే ఈ జవాబులు క్యాపిటల్ లెటర్స్‌లో రాయాలి. తప్పు జవాబుకు మార్కు కోసేది లేదు, కాబట్టి బెల్ కొట్టేలోపు ఏ గడీ ఖాళీగా వదలకూడదు.